పది పలకల ఎత్తు

"ముందు వైపు జారుతోంది" అన్నాడు మాల్యాద్రి హెల్మెట్ తీస్తూ.

"కారు జారట్లేదు. నువ్వే జారిస్తున్నావు" అంది నాగమణి.

"నేనెందుకు జారిస్తా?"

"అదే నేనూ అడుగుతున్నా."

మార్కాపురం దాటాక కంభం రోడ్డు పక్కన ఎవరూ ఇళ్లు కట్టని ప్లాట్లున్నాయి. వాటి మధ్య కొత్త సిమెంటు రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు తాము తయారు చేసిన చిన్న రేసు కారును తెల్లవారగానే అక్కడికి తెచ్చి నడిపి చూసుకునేవారు. కోయంబత్తూరులో కాలేజీల పోటీకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ కారు ముక్కు కింద అడ్డంగా ఉన్న నల్లటి రెక్క నాగమణిది. జట్టు కెప్టెన్ ఆమే. ఫార్ములా వన్ పందేలు చూసీ చూసీ, ఏడాదిపాటు లెక్కలు వేసి, ఆ రెక్కను సొంతంగా తయారు చేసింది. ఎవరైనా అడిగితే ఓపికగా చెప్పేది: "విమానం రెక్క తిరగేస్తే ఇదే. అది పైకి లేపుతుంది, ఇది కిందికి నొక్కుతుంది. నొక్కితేనే ముందు చక్రాలు రోడ్డును పట్టుకుంటాయి. కారులో గాలిని మొదట తాకేది ఇదే. ఇక్కడ తేడా వస్తే వెనక అంతా తేడానే."

ఇప్పుడు ఆ తేడా వచ్చింది. మలుపు తిరగమంటే కారు తిన్నగా పోతోంది.

"సోమవారం పొద్దున ఆఖరి పరుగు" అన్నాడు వాళ్ల మేష్టారు సంజీవరావు. "అప్పటికీ జారితే రెక్క విప్పేసి పోదాం."

నాగమణి రెక్క మీద చెయ్యి వేసింది. రెక్క లేకుండా పోటీకి పోవడమంటే తన ఏడాదిని కాలేజీ షెడ్డులో వదిలిపెట్టి పోవడమే.

రెక్క మంచిదేనని ఆమెకు తెలుసు. రెండు వారాల కిందటి దాకా కారు మలుపుల్లో అతుక్కుని తిరిగింది. ఆ తర్వాత పాత డ్రైవరు చెయ్యి విరిగి ఇంట్లో కూర్చున్నాడు. అతని బదులు మాల్యాద్రి వచ్చింది ఆ వారమే. కారు జారడం మొదలైందీ ఆ వారమే. పైగా అతను నిరుటి దాకా గిద్దలూరులో డిప్లొమా చదివాడు. అతని బావ నాగులు ఇప్పటికీ గిద్దలూరు జట్టులోనే ఉన్నాడు. వాళ్లూ ఇదే పోటీకి వస్తున్నారు.

ఇంతకంటే ఏం కావాలి అనుమానానికి?

మర్నాడు నాగమణి షెడ్డుకు ముందుగా వచ్చింది. రోజూ రెక్క ఎత్తు సరిచేసేది ఆమే. రెక్కకు ఇటు పది, అటు పది పలకలు పేర్చి, వాటి మీద రెక్కను ఆనించి, బోల్టులు బిగించి, పలకలు లాగేస్తుంది. మార్కాపురంలో పలకల వ్యాపారి కూతురికి అంతకంటే తేలికైన కొలత ఇంకేముంటుంది? పాతవి ఆటోలోంచి పడి పగిలితే, నాయన ఫ్యాక్టరీ నుంచి కొత్తవి తెచ్చి అలాగే పది లెక్కపెట్టి పెడుతోంది.

ఆ రోజు షెడ్డులో కారు ముందు భాగం జాకీ మీద లేచి ఉంది, రెక్క కింద నుంచి రెండు కాళ్లు కనిపించాయి.

"ఎవరది?"

కాళ్లు ఉలిక్కిపడ్డాయి. ఠంగుమని తల తగిలిన చప్పుడు. మాల్యాద్రి పాక్కుంటూ బయటికి వచ్చాడు. చేతిలో ఫోను.

"ఫొటోలు ఎవరికి?"

"నాకే."

"నీకా? లేకపోతే మీ బావకా?"

"మా బావకు రెక్క ఫొటో ఎందుకు? వాళ్ల కారుకు ఇంకా బ్రేకులే పడట్లేదు."

"నవ్వించొద్దు. పెద్ద పెద్ద జట్లలోనే ఒకరి రెక్క ఒకరు దొంగచాటుగా ఫొటోలు తీసుకుంటారు. నాకు తెల్వదనుకున్నావా?"

"వాళ్లకు పెద్ద కెమెరాలుంటాయి కెప్టెన్ గారూ. నన్ను చూడు, చొక్కా అంతా గ్రీజు. దొంగ ఎవడైనా ఇట్ల కష్టపడతాడా?"

"కష్టపడే దొంగలూ ఉంటారు."

అతను నుదురు రుద్దుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు బాగానే ఉందని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా కోపం వచ్చింది.

శనివారం సాయంత్రం ఆమె నాయన శేషగిరిరావుకు టిఫిన్ తీసుకుని పలకల ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడ తెల్లటి రాతి దుమ్ము మధ్య ఇద్దరు కూర్చుని టీ తాగుతున్నారు. ఒకరు నాయన. ఇంకొకరు మాల్యాద్రి.

"... ఇప్పుడంతా బయటి దేశాలకు పోయే సరుకే నాయనా, బడి పలకలు అడిగేవాళ్లేరి?" అంటున్న శేషగిరిరావు కూతుర్ని చూసి ఆగాడు. "రామ్మా. మీ కాలేజీ పిల్లోడే. పలకలు కావాలని వచ్చినాడు."

"బీటెక్ చదివేవాడికి పలకలు ఏం చేసుకునేదానికి?"

"మా అమ్మ ఆదెమ్మకు" అన్నాడు మాల్యాద్రి తడుముకోకుండా. "గొర్రెల లెక్క రాసుకునేదానికి. వస్తా మామా, చాలా విషయాలు చెప్పినావు."

అతను పొట్లం చంకన పెట్టుకుని గేటు దాటేదాకా ఆగి, ఆమె వెనకే వెళ్లింది.

"మా నాయన్ని మామా అంటావేంది?"

"బేస్తవారిపేటలో మేం అందర్నీ అట్లనే అంటాం."

"మరి సంజీవరావు సార్ని అనవే?"

"ఆయనకు కూతుళ్లు లేరు" అని, చేసిన పొరపాటు తెలిసి, మాల్యాద్రి బస్సు కోసం పరిగెత్తాడు.

నాగమణికి ఇప్పుడు అనుమానాలు రెండయ్యాయి.

ఆదివారం ఆమె రెక్క అడుగున వరసగా ఉన్నిదారం ముక్కలు అంటించింది. గాలి సరిగ్గా పోతే దారాలన్నీ వెనక్కి తిన్నగా పడుకుంటాయి. అవి పడుకున్నాక కూడా కారు జారిందంటే అబద్ధం డ్రైవరుదే. కింద చిన్న కెమెరా కూడా బిగించింది.

పరుగు అయ్యాక ఆ వీడియో చూసేందుకు జట్టంతా ఫోను చుట్టూ మూగింది. దారాలు పడుకోలేదు. రెక్క మధ్యలో అవి సుడి తిరుగుతూ, కొన్ని ముందుకే మళ్లుతూ కొట్టుకున్నాయి. గాలి రెక్కను వదిలేస్తోంది.

అంటే మాల్యాద్రి అబద్ధం చెప్పలేదు. ఆ మాట ఒప్పుకోవాల్సిన చోట నాగమణి నోటి నుంచి ఇంకో మాట వచ్చింది.

"సార్, నేను పెట్టిన ఎత్తులో ఇట్ల కాదు. ఎవరో రెక్కను కిందికి దించుతున్నారు. మొన్న పొద్దున ఈయన రెక్క కింద దూరి ఏం చేసినాడో అడగండి."

అందరూ మాల్యాద్రి వైపు తిరిగారు. అతను ఆమెను ఒక్క క్షణం చూశాడు. నవ్వలేదు.

"రెక్కను నేను ముట్టుకోలేదు సార్" అని మాత్రం అన్నాడు.

"రేపు పొద్దున తేలుద్దాం. తేలకపోతే రెక్కా ఉండదు, డ్రైవరూ ఉండడు" అని సంజీవరావు వెళ్లిపోయాడు.

షెడ్డు ఖాళీ అయ్యింది. నాగమణి దారాలు పీకుతూ ఉంటే మాల్యాద్రి తిరిగి వచ్చాడు. నిన్నటి పొట్లం విప్పి పది పలకలు నేల మీద పేర్చాడు. పక్కనే ఆమె రోజూ వాడే పది పలకలు పేర్చాడు.

ఒక దొంతర ఇంకోదాని కంటే వేలి మందం పొట్టిగా ఉంది.

పొట్టిది ఆమెది.

"మీ నాయన చెప్పినాడు" అన్నాడు అతను నెమ్మదిగా. "బడి పలక మందంగా ఉంటది. బయటికి పోయే సరుకు పల్చగా కోస్తారంట. పాతవి బడివి. నేను వచ్చిన వారమే నువ్వు కొత్తగా తెచ్చినవి ఇవి. లెక్క పదే. ఎత్తే మారింది."

నాగమణి రెండు దొంతరలనూ ఇంకోసారి లెక్కపెట్టింది. రెక్క రోడ్డుకు దగ్గరైనకొద్దీ బాగా నొక్కుతుంది. కానీ మరీ దగ్గరైతే కింద గాలికి దారి చాలక అది రెక్కను విడిచిపెడుతుంది. ఈ పాఠం జట్టుకు చెప్పింది తనే. పలకలు లెక్కపెట్టింది గానీ ఒక్కసారైనా కొలవలేదు.

"నీకెట్ల తెలిసింది?"

"రెక్క అడుగున కొత్త గీతలు కనబడినాయి. రోడ్డుకు రాసుకున్నవి. వాటికే ఫొటోలు తీసినా."

"మరి ఇందాక అందరి ముందు నన్ను అట్ల మాట్లాడనిచ్చినావేంది?"

"చెప్తే సార్ నిన్నే అనేవాడు. ఇంకోటి..." అతను తల గీక్కున్నాడు. "మొదట్లో నాకూ నీ మీద అనుమానమే. నన్ను జట్టులోంచి పంపించేదానికి నువ్వే కావాలని దించుతున్నావనుకున్నా."

"నా రెక్కను నేనే చెడగొట్టుకుంటానా?"

"కోపంలో నీ ముఖం చూస్తే ఏదైనా చేస్తావనిపించింది."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"సార్‌కు చెప్పేదేం లేదు. పొద్దున ఎత్తు సరిచెయ్యి, కారు అతుక్కుంటది, అందరూ మర్చిపోతారు" అన్నాడు అతను.

"నిన్ను దొంగన్నది మర్చిపోతారా?"

అతను తన పలకలు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

సోమవారం తెల్లవారాక, సిమెంటు రోడ్డు మీద జట్టంతా నిలబడి ఉండగా, నాగమణి రెండు దొంతరలు సంజీవరావు ముందు పెట్టింది.

"తప్పు నాది సార్. పలకలు మారినాయి, నేను కొలవలేదు. మాల్యాద్రి రెక్కను ముట్టుకోలేదు. నిన్న నేనన్నది అబద్ధం. కెప్టెన్‌గా ఇంకొకర్ని పెట్టుకుంటానంటే పెట్టుకోండి. రెక్కను మాత్రం ఒక్కసారి పరిగెత్తించండి."

సంజీవరావు వంగి రెండు దొంతరల మీదా అరచెయ్యి ఆనించి చూశాడు. "కెప్టెన్ సంగతి కోయంబత్తూరు నుంచి వచ్చినాక చూద్దాం. ముందు స్కేలు పట్టుకు రా తల్లీ."

కొలిచారు, బిగించారు. మాల్యాద్రి కారెక్కాడు. మొదటి మలుపు దగ్గర నాగమణి కళ్లు మూసుకుంది. టైర్లు కీచుమనలేదు. కళ్లు తెరిచేసరికి కారు మలుపు అవతల ఉంది. రెండో మలుపూ దాటింది. మూడోదానికి జట్టంతా అరుస్తూ గంతులు వేస్తోంది.

అప్పుడే నల్లమల వైపు నుంచి వాన వచ్చిపడింది. అందరూ కారు మీద పట్టా కప్పి, ఆటోలోకీ గొడుగుల కిందికీ పరిగెత్తారు. పట్టా ఎగిరిపోకుండా చెరో అంచు పట్టుకుని ఇద్దరే మిగిలారు.

"నిన్న అన్న మాటకు..." అని మొదలుపెట్టింది ఆమె.

"వదిలెయ్. నేనొకటి చెప్పాల."

"ఏంది?"

"నువ్వంటే నాకు ఇష్టం."

ఆమె ముఖం మీది నీళ్లు తుడుచుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "ఎప్పటినుంచి?"

"కష్టపడే దొంగలూ ఉంటారన్నావే, అప్పటినుంచి."

"రుజువేంది?"

మాల్యాద్రి ఆలోచించాడు. "దీనికి ఫొటోలు లేవు. నమ్మితే నమ్మాల, లేకపోతే లేదు."

వాన జోరు పెరిగింది. దూరం నుంచి సంజీవరావు ఇద్దర్నీ రమ్మని కేకలు పెడుతున్నాడు. నాగమణి పట్టా అంచును రాయి కింద పెట్టి, లేచి, అతని వైపు వచ్చి, అతని చేతిలో ఉన్న అంచును తనూ పట్టుకుంది.

"నమ్మినా" అంది.