జాజికి పెట్టిన ముద్ద

"ఆపండి! లారీ ఆపండి!"

బెన్నీ రొప్పుతూ వచ్చి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. పక్క కల్లంలో మిరపకాయలు ఆరబెట్టే మనిషేమో, ఒళ్ళంతా ఎర్ర దుమ్మే.

స్తుతికి ఒళ్ళు మండింది. ఎల్లుండే హైదరాబాదులో రేసు. కొత్తపట్నం సముద్రపొడ్డు ఇసుకలో మూడు నెలలు పరుగెత్తించి తయారుచేసిన గుర్రం, జాజి, అప్పుడే లారీ ఎక్కింది. రెండేళ్ళ క్రితం గుర్రం మీంచి పడి మోకాలు విరిగాక స్తుతి జాకీ పని మానేసి, నాన్న ఏసోబు నడిపే గుర్రాల శిక్షణశాల తన చేతుల్లోకి తీసుకుంది. "కుంటి జాకీ ఏం నేర్పుతుందిలే!" అంటూ యజమానులు ఒక్కొక్కరే తమ గుర్రాలను తోలుకుపోయారు. మిగిలింది జాజి ఒక్కటే. అది గెలిచి తీరాలి!

"ఏంటి బెన్నీ, గుడ్ లక్ చెప్పడానికి ఇంత హడావిడా?"

"అది నిన్ననే చెప్పాగా."

"చెప్పావు. పదిసార్లు."

"లెక్కపెట్టారా!" అని వెలిగిపోయి, అంతలోనే తలవంచుకున్నాడు. "స్తుతిగారూ, తప్పు చేశానండి. పొద్దున్నే జాజికి ముద్ద పెట్టాను."

"ఏం ముద్ద?"

"బండలాగుడు పందేనికి ముందు మా ఎడ్లకి పెడతామే, అదేనండి. బెల్లం, శొంఠి, వెల్లుల్లి, చెంచాడు మిరపపొడి. మీరు గెలవాలనేనండి! ఇప్పుడే ఫోన్లో చూశాను, రేసుగుర్రాలకి మిరప ఘాటు నిషేధమంట."

స్తుతి గుండె గుభేలుమంది. పరీక్షలో బయటపడితే రేసుతో సరిపోదు, లైసెన్సే పోతుంది!

"బుద్ధుందా నీకు? గుర్రానికీ ఎద్దుకీ తేడా తెలీదూ?"

"తిట్టండి."

"తిట్టక ముద్దు పెట్టుకుంటానా!"

అనేసి నాలిక్కరుచుకుంది. లారీ పక్కనున్న ఏసోబు గట్టిగా దగ్గాడు.

స్తుతి వెంటనే ఫోన్ చేసి రేసులోంచి జాజి పేరు తీయించేసింది. కళ్ళు తుడుచుకుని బెన్నీ వైపు తిరిగింది.

"నోరు మూసుకుని ఊరుకుంటే నిన్నెవరూ అనుమానించేవాళ్ళు కాదు. ఎందుకు చెప్పావు?"

"నిన్ను నలుగురూ దొంగ అంటే నేను వినగలనా? ఇంక నా మొహం చూడవని తెలుసు. అయినా వచ్చాను. నువ్వంటే నాకు ప్రాణం స్తుతీ. రోజూ కాయలు తిరగేసే వంకతో నిన్నే చూస్తుంటాను."

'అండి' ఎప్పుడు ఎగిరిపోయిందో అతనికి తెలీదు. ఆమెకి తెలిసింది. మోకాలు విరిగాక ఇంత జోరుగా ఆమె గుండె ఎన్నడూ కొట్టుకోలేదు!

జాజిని లారీ దింపి పగ్గం అతని చేతికిచ్చింది. "మళ్ళీ రేసు ఇరవై రోజుల్లో ఉంది. అందాకా దీని దాణాకి కాపలా నువ్వే. తెల్లారేసరికి ఇక్కడుండాలి."

"ఇరవై రోజులేనా?"

"ఆ తర్వాత సంగతి నాన్నతో మాట్లాడుకో."

"నాతో ఏముందిరా?" అన్నాడు ఏసోబు, మీసం చాటున నవ్వుతూ. "ఆదివారం చర్చి అవగానే మీ అమ్మని ఇటు తీసుకురా."

"ఆదివారందాకా ఎందుకు మావయ్యా, ఇప్పుడే తీసుకొస్తా!"

పగ్గం వదిలేసి పత్తిచేలకి అడ్డంపడి ఒకటే పరుగు!

'మావయ్యా' అన్న ఆ పిలుపుకి స్తుతి సిగ్గుతో జాజి మెడలో మొహం దాచుకుంది.