మూసిన షట్టరు వెనక నీలి మంట

చీకటి పడితే ఆ సందులోకి ఎవరూ వెళ్ళేవారు కాదు. పాలప్యాకెట్లు వేసేవాడు కూడా సందు మొదట్లోనే సైకిలాపి, ప్యాకెట్లు గోడ మీద పెట్టేసి, బెల్లు కొట్టి పారిపోయేవాడట.

కారణం... సందు మధ్యలో మూతపడిన ఓ కొట్టు.

ఒకప్పుడు అక్కడ కొండలెక్కేవాళ్ళకి సామాన్లు అద్దెకిచ్చేవారు. గుడారాలు, వీపు సంచులు, అడవిలో టీ కాచుకోడానికి ఇత్తడి స్టవ్వులు. కొట్టాయన్ని అందరూ గుడారాల తాత అనేవాళ్ళు. ఓ సాయంత్రం స్టవ్వు బాగుచేస్తూ చేస్తూ, బల్ల మీద తల వాల్చాడు. అంతే. మళ్ళీ ఎత్తలేదు.

స్థలం యజమాని షట్టరు దించి తాళం వేశాడు.

అప్పట్నించీ రాత్రిళ్ళు ఆ షట్టరు వెనకనించి చప్పుడు... చిస్... చిస్... చిస్... ఎవరో పంపు కొడుతున్నట్టు. కాసేపటికి గుర్ర్‌మని హోరు. షట్టరు కింద సన్నగా నీలం వెలుగు. సందంతా కిరసనాయిలు వాసన. ఎవరైనా ధైర్యం చేసి షట్టరు మీద ఒక్క దెబ్బ వేస్తే — అన్నీ బంద్.

"తాత ఇంకా రిపేరు చేస్తూనే ఉన్నాడు" అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు.

ఇది మా అత్తకి జరిగింది. ఆవిడ చెప్పినదీ, ఆ రాత్రి సందు మొదట్లో వణుకుతూ నిలబడ్డ మా నాన్న చెప్పినదీ కలిపి చెబుతున్నాను.

అత్త ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేది. "రోజంతా మనుషుల ఎముకలే చూస్తాను. దెయ్యం వచ్చి నాకు కొత్తగా చూపించేదేముంది?" అనేది. ఆవిడకున్న పిచ్చి ఒక్కటే — పాత క్యాంపు స్టవ్వులు. మంచం కింద స్టవ్వులు, బట్టల బీరువాలో స్టవ్వులు. ఇంకోటి దొరికితే ముందు తిరగేసేది. అడుగున చెక్కిన అక్షరాన్ని భూతద్దంతో చూసి ఏ కాలం నాటిదో చెప్పేది. కాళ్ళు అసలువో, తర్వాత ఎవరైనా అతికించినవో వేలితో తడిమి తేల్చేది. మావయ్య మాత్రం, "ఇంటినిండా స్టవ్వులే. టీ కావాలంటే మటుకు బయటికి పోవాలి" అని నిట్టూర్చేవాడు.

ఒకరోజు ఆ స్థలం యజమానే మోకాలు నొప్పని ఎక్స్‌రేకి వచ్చాడు. బల్ల మీద పడుకుని కబుర్లు మొదలెట్టాడు. కొట్టు పడగొట్టిస్తున్నాడట. మర్నాడు పొద్దున్నే పాత ఇనుప సామానువాళ్ళు వస్తున్నారట.

"లోపల పాత స్టవ్వులు గుట్టలున్నాయి. అన్నీ తూకానికే" అన్నాడు.

అత్త చేతిలో పని ఆపేసింది. "తూకానికా! ఈ రాత్రికి తాళం ఇవ్వండి. నాకు కావలసినవి ఏరుకుంటాను."

"రాత్రా? అమ్మా, అక్కడ..."

"తెలుసు. లోపల మనుషులెవరూ ఉండరుగా?"

"ఎవరుంటారు? తాత పోగానే వాళ్ళావిడ చెల్లెలింటికి వెళ్ళిపోయింది. ఖాళీ. కానీ ఏదైనా జరిగితే నన్ను అనద్దు" అని తాళంచెవి ఇచ్చాడు.

నాన్న వద్దంటే వద్దన్నాడు. అత్త వినలేదు. చివరికి తోడొస్తానని బయల్దేరాడు గానీ, సందు మొదట్లోకొచ్చేసరికి అక్కడే ఆగిపోయాడు.

"అక్కా, నేనిక్కడ కాపలా ఉంటాలే."

"ఎవరికిరా కాపలా? దెయ్యానికా?" అని అత్త ఒక్కతే లోపలికి నడిచింది.

షట్టరు కిర్రుమంటూ సగం లేచింది. వంగి దూరింది. టార్చి వేసింది...

మరుక్షణం దెయ్యం సంగతే మర్చిపోయింది.

గోడ పొడుగునా అరలు. అరలనిండా స్టవ్వులు! మూడు కాళ్ళ ఇత్తడివి, మూత తీస్తే అన్నం డబ్బాలా ఉండి లోపలనించి స్టవ్వు లేచి నిలబడేవి, బూటు పాలిష్ డబ్బా అంత స్పిరిట్ స్టవ్వులు, గాలి తగలకుండా చుట్టూ పెట్టే రేకులు, ఒకదాన్లో ఒకటి ఇమిడిపోయే గిన్నెలు. అత్త నేల మీద చతికిలబడి ఒక్కోటీ తిరగేయడం మొదలెట్టింది. "నువ్వు మా అమ్మకన్నా పెద్దదానివే... నీ మూతెవరు మార్చారే..." అని వాటితోనే మాట్లాడుతోంది.

అప్పుడు...

చిస్.

వెనకగదిలోంచి.

చిస్... చిస్...

అత్త చేతిలో స్టవ్వు అలాగే ఉండిపోయింది. తలుపు కింద నీలం గీత... సన్నగా మొదలై, వెడల్పవుతోంది.

పరిగెత్తాలనే అనుకుందట. షట్టరు నాలుగడుగుల దూరం. కానీ ఆ చప్పుడు వినేకొద్దీ ఒళ్ళు మండింది. పంపులో తోలు వాషరు ఎండిపోయి కీచుమంటోంది! మంచి స్టవ్వుని అలా కొడితే ఏమైపోతుంది?

"ఏయ్!" అని గట్టిగా అరిచింది. "ఎవరైతేనేం గానీ, పంపులో చుక్క నూనె వేసి కొట్టు! చచ్చినా పని నేర్చుకోకపోతే ఎలా?"

చప్పుడు ఆగింది.

నీలం గీత మాత్రం అలాగే ఉంది.

తర్వాత తలుపు అవతలనించి సన్నని గొంతు. "నూనె అయిపోయిందమ్మాయ్."

అత్త లేచి, తలుపు మీద చెయ్యేసి, ఒక్క తోపు తోసింది.

నేల మీద ఓ ముసలావిడ. పక్కన కుట్టుమిషను, చుట్టిపెట్టిన గుడారం గుడ్డ. ముందు ఇత్తడి స్టవ్వు, దాని మీద చిన్న గిన్నెలో నీళ్ళు. ఆవిడ భయపడలేదు. తలెత్తి అత్తని ఎగాదిగా చూసింది.

"ఆ యజమాని పంపాడా, ఖాళీ చేయించమని?"

తాత భార్య. అద్దెకిచ్చిన గుడారాలన్నీ ఆవిడ కుట్టినవే. తాత పోయాక చెల్లెలింటికి వెళ్ళింది, నెల తిరక్కుండానే వెనకదారిన తిరిగొచ్చేసింది. కరెంటు తీసేశారు. పగలు పొగ కనిపిస్తే పట్టుబడుతుందని రాత్రిళ్ళే వంట. ఆ చప్పుడు విని జనం దెయ్యమనుకున్నారు. అనుకోనీ అని ఊరుకుంది. ఈ రాత్రి అత్త అలికిడి విని, జడిపించి పంపేద్దామనే పంపు కొట్టింది.

"మనిషినని చెబితే ఒక్కరోజులో వీధిలో పడేస్తాడు. దెయ్యమంటే ఇన్నాళ్ళూ ఎవడూ గడప తొక్కలేదు" అంది మామ్మ. "చెప్పేస్తావా?"

అత్త వెనక్కి తిరిగి చూసింది. పక్కగదిలో తను ఏరిపెట్టుకున్న స్టవ్వులున్నాయి. తెల్లారితే బయట లారీ ఉంటుంది.

"చెప్పను" అంది చివరికి. "మీరే చెబుదురుగాని. దెయ్యంలా దాక్కుని ఎన్నాళ్ళుంటారు మామ్మగారూ? పొద్దున్నే కొట్టు తెరుద్దాం."

మామ్మ స్టవ్వు మంట తగ్గించింది. తర్వాత నవ్వింది. అత్త సందు మొదట్లోకి వెళ్ళి, "ఒరేయ్, దెయ్యానికి కిరసనాయిలు కావాలిట, స్పిరిట్టూ, కాస్త నూనె కూడా పట్రా!" అని కేకేసింది. నాన్న ఎలా తెచ్చాడో ఆయనకే గుర్తులేదు.

రాత్రంతా ముగ్గురూ కూర్చున్నారు. వాషర్లకి నూనె పట్టించారు. పిన్నులతో స్టవ్వు ముక్కుల్లో మసి పొడిచి తీశారు. తుడిచారు, తోమారు.

తెల్లవారుతుండగా లారీ వచ్చి ఆగింది. వెనకే యజమాని, కుంటుకుంటూ.

లోపలనించి అత్త షట్టరు బర్రున పైకి లేపింది.

కొట్టంతా నీలి మంటలు! బల్ల మీదా, నేల మీదా, మెట్ల మీదా — పనిచేసే ప్రతి స్టవ్వూ గుర్రుమని హోరెత్తిపోతోంది. మధ్యలో కుర్చీ వేసుకుని మామ్మ, జుట్టు ముడేసుకుని, కాళ్ళు చాపుకుని.

సామానువాళ్ళు లారీ వెనక్కి దూరారు. సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"కొట్టు తెరిచాం" అంది మామ్మ. "ఏం కావాలి?"

యజమాని గుమ్మం ముందే ఆగిపోయాడు. "నువ్వు... నువ్వెప్పుడొచ్చావ్?"

"నేను వెళ్ళిందెప్పుడు? నా మిషనిక్కడ, నా మంచమిక్కడ. కొట్టు ఖాళీగా ఉందని ఏ ఆఫీసులో రాసిచ్చావో అక్కడికే నడు, నేనూ వస్తాను. ఈలోగా టీ తాగుతావా?"

జనం పోగయ్యారు. నిన్నటిదాకా ఆ సందు పేరెత్తితే జడుసుకున్నవాళ్ళు, గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పాలవాడు మొట్టమొదటిసారి సైకిలు కొట్టు ముందు ఆపి, పాలు తనే లోపలికి తెచ్చిచ్చాడు. ఇంతమంది ముందు ఏం చేస్తాడు? యజమాని లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. తర్వాత రెండుమూడుసార్లు వకీలుని పంపాడు గానీ, మామ్మ ఆయనకీ టీ ఇచ్చి పంపింది. కొట్టు ఇప్పటికీ ఉంది. సెలవురోజుల్లో అత్త అక్కడే కూర్చుని, ఎవరు ఏ పాత స్టవ్వు తెచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది.

కానీ ఆ పొద్దున్న జనం వెళ్ళిపోయాక ఇంకొకటి జరిగింది. అది అత్త బయట ఎక్కడా చెప్పదు.

అత్తా మామ్మా ఒక్కో స్టవ్వుకీ గాలి వదిలి ఆర్పేస్తున్నారు. తుస్... తుస్... హోరు తగ్గుతూ వచ్చింది. ఆఖరి మంట కూడా ఆరింది.

హోరు ఆగలేదు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాన్నే ముందు తలెత్తాడు. పైన అటక అంచున, బూజుల మధ్య, దుమ్ముకొట్టుకుపోయిన స్టవ్వొకటి... నీలంగా, నిలకడగా మండుతోంది.

నిచ్చెన లేదు. ఎవరి చెయ్యీ అందదు.

"మామ్మగారూ..." అత్త అటకకేసి వేలు చూపించింది. "అది మీరెలా వెలిగించారు?"

"నేనా? నువ్వనుకున్నానే."

నాన్న షట్టరు వైపు రెండడుగులు వేశాడు.

మామ్మ మాత్రం కదల్లేదు. నడుము మీద చేతులేసుకుని, అటకకేసి చూసింది. తర్వాత కుర్చీ సర్దుకుని తాపీగా కూర్చుంది.

"మండనీ. ఈ కొట్టు ఆయనది కూడానూ" అంది. "ఆయన్నెవడు ఖాళీ చేయిస్తాడో నేనూ చూస్తాను."