బువాఫన్ అమ్మమ్మ నెత్తురు

డాక్టర్ విరోట్ కాఫీ సగం తాగి, ల్యాబ్‌లోనే టేబుల్ మీద తల వాల్చి చనిపోయాడు. అప్పుడు ఉదయం తొమ్మిది. ఇంకో పావుగంటకి ద్రవ నైట్రోజన్ ట్యాంకు ఒకటి మాయమైంది. పదింటికి ఏజెంట్ ఖమ్‌సింగ్ ఖోంకేన్ పట్టణంలోని ఓ మూసిన గదిలో కర్నల్ ప్రాడిట్ ఎదుట నిలబడి ఉన్నాడు.

"ట్యాంకులో ఏముంది సార్?"

"కణాలు. ఐఎల్‌సీ-2 అంటారు. పుట్టుకతోనే మన ఒంట్లో కాపలా ఉంటాయి. పురుగు చొరబడగానే కబురు పెట్టేవి ఇవే. ఆ కబురందుకుని ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి పురుగు మీద పడతాయి."

"అవి అందరికీ ఉండేవే కదా?"

"ఈ ట్యాంకులోవి మీకాంగ్ నది ఒడ్డున ఉండే బువాఫన్ అనే ముసలావిడవి. డెబ్బై ఏళ్లుగా పచ్చి చేప తింటోంది. ఆ ఊళ్లో ఎంతోమంది ఆ చేపల్లోంచి కాలేయపు పురుగు సోకి, చివరికి కేన్సర్‌తో పోయారు. ఆవిడ ఒంట్లో ఒక్క పురుగూ నిలవలేదు. అదెలాగో తేల్చి, మందు చేసి ఊరూరా ఉచితంగా పంచాలని విరోట్ ఆశ."

"ట్యాంకు పోతేనేం? ఆవిడ దగ్గర మళ్లీ తీసుకోవచ్చుగా."

"బతికుంటే." కర్నల్ కిటికీ తెర లాగాడు. "ట్యాంకు విదేశీ ముఠా చేతిలో, మనిషి మట్టిలో ఉంటే ఇక ఆ మందు వాళ్లొక్కరిదే. నువ్వు చేపల బేరగాడి వేషంలో వెళ్లు. అక్కడ రిన్‌లడా కలుస్తుంది. రెండేళ్లుగా ముఠాలో మన మనిషి."

మూడింటికి ఖమ్‌సింగ్ ఐసుపెట్టెల ట్రక్కు దిగాడు. ఆ ఊరి రేవులో మనిషి జాడ లేదు. కుక్కలు కూడా మొరగలేదు. చొక్కా గుండీలో దాచిన రేడియోలో గరగర తప్ప మాట వినిపించడం లేదు.

బువాఫన్ ఉండే ఎత్తైన కర్రల ఇంటి మెట్ల దగ్గర రిన్‌లడా నిలబడి ఉంది. నర్సు బట్టల్లోనూ సినిమాతారలా ఉంది.

"చేపలేమైనా పడ్డాయా?" అన్నాడు.

"వల ఇంకా తడవలేదు," అంది. కోడ్ సరిపోయింది.

ఆమె గొంతు తగ్గించింది. "ముఠా ఐదింటికి వస్తుంది. ఈలోగా రక్తం తీసి దాచేద్దాం. నువ్వు గుమ్మం దగ్గర ఉండు."

లోపలి మాటలు అతనికి వినబడుతూనే ఉన్నాయి.

"చెయ్యివ్వు అమ్మమ్మా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"ఆ డాక్టరేడే? నవ్విస్తూ తీసేవాడు."

"పని మీద ఉన్నారు."

సంచీ జిప్పు లాగిన చప్పుడు.

"ఒసే పిల్లా, రక్తం తీస్తానన్నావు. గొట్టంలో ముందే నీళ్లున్నాయేమే?"

రక్తం తీసే గొట్టం ఖాళీగా ఉండాలి. ఖమ్‌సింగ్ ఒక్క ఉదుటున లోపలికి దూకాడు. సూది మొన ముసలావిడ చర్మాన్ని తాకుతోంది. మణికట్టు పట్టి విరిచాడు. రిన్‌లడా మోకాలు అతని డొక్కలో దిగింది. అతను స్తంభానికి కొట్టుకుని పడ్డాడు. ఆమె రెండో చేతిలోకి చిన్న పిస్తోలు వచ్చింది.

బువాఫన్ నోట్లోని తాంబూలం గురిచూసి ఆమె కళ్లలో ఉమ్మింది.

గుండు కప్పులోకి పోయింది. ఖమ్‌సింగ్ పిస్తోలు లాక్కుని రిన్‌లడా చేతులకు బేడీలు వేశాడు. ఆమె సంచీలో రేడియోని మూగబెట్టే జామర్ ఒకటి మినుకుమినుకుమంటోంది. దాన్ని మడమతో నలగ్గొట్టాడు. రేడియోకి ప్రాణం వచ్చింది. కిటికీలోంచి చూస్తే రేవు పక్క తుప్పల్లోంచి ఓ బూడిదరంగు పడవ బయల్దేరుతోంది. అందులో స్టీలు ట్యాంకు, మూత చుట్టూ తెల్లటి పొగ.

"బూడిద పడవ! ఆపండి!" అని గుండీలోకి అరిచాడు.

పోలీసు గస్తీ పడవ దాన్ని అడ్డుకునేసరికి అవతలి దేశపు ఒడ్డుకి పది బారలే మిగిలాయి.

ఖమ్‌సింగ్ ముసలావిడ పక్కన చతికిలబడ్డాడు. "ఆ డాక్టర్ ఇక రాడు అమ్మమ్మా."

ఆవిడ చాలాసేపు ఏటివైపు చూసింది. "మంచి పిల్లాడు," అంది చివరికి.

రిన్‌లడా ఎర్రబడ్డ కళ్లతో నవ్వింది. "మేం ఆగగలం. నువ్వింకెన్నాళ్లుంటావే ముసలీ?"

 బువాఫన్ ఇంకో తమలపాకు తీసి, సున్నం రాసింది.

"మా అమ్మ తొంభై ఆరేళ్లకి పోయిందే. అదీ మామిడిచెట్టెక్కి, జారిపడి."