వంటింటి ప్రత్యర్థి

టామరాక్ ఫాల్స్‌లో ఆ ఉదయం అందరిళ్ళలోలాగే నోర్లుండ్ వాళ్ళింట్లోనూ కాఫీ మరుగుతోంది, బ్రెడ్డు మాడుతోంది, అత్తాకోడళ్ళు పోట్లాడుకుంటున్నారు. తేడా ఒక్కటే. మిగతా ఇళ్ళలో ఊరికే పోట్లాడుకుంటారు. వీళ్ళు గంట కొట్టించుకుని మరీ పోట్లాడుకుంటారు.

"మేడమ్ గారూ! అందరికీ ఆరోగ్య బీమా అంటున్నారు. ఆ డబ్బు ఏ చెట్టుకి కాస్తుందో కాస్త సెలవిస్తారా?" అంది ఆర్డిస్. చనిపోయిన భర్త వెండెల్ గోధుమరంగు కోటూ, ఆయన టైయ్యూ వేసుకుని, ఇస్త్రీబల్ల వెనక రొమ్ము విరుచుకుని నిలబడి ఉంది.

"లైల్ గారూ, ఇప్పుడు మాత్రం కట్టడం లేదా? బీమా లేనివాడు జబ్బు ముదిరాకే ఆస్పత్రికి వస్తాడు. ఆ ఖర్చు తిరిగి తిరిగి మన నెత్తి మీదికే..." అని కోడలు గ్రెచెన్ అందుకుంది.

"నేనడిగింది చెట్టు పేరు!"

టింగుమంది గుడ్లు ఉడికించే టైమరు. దాన్ని పట్టుకు కూర్చున్న కర్ట్, "టైమైపోయింది. ఈ రౌండు అమ్మదే," అన్నాడు.

"నువ్వు నా మొగుడివా, ఆవిడ కొడుకువా?" అంది గ్రెచెన్.

"ఎన్నికలయ్యేదాకా ఎవరికీ ఏమీ కాను," అని అతను బ్రెడ్డు మీద వెన్న రాసుకున్నాడు.

గ్రెచెన్ ఈసారి వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభకి పోటీ చేస్తోంది. ఎదుటివాడు లైల్ బెర్గ్‌మన్, పాతకాపు. ఆదివారం హైస్కూలు జిమ్‌లో ఇద్దరికీ డిబేట్. అలాంటిదానికి ముందు ఎవరో ఒకరిని ప్రత్యర్థిగా నిలబెట్టి సాధన చేయడం మా దగ్గర ఆనవాయితీ. మొదట ఒక లా ప్రొఫెసర్ని పిలిచారు. ఆయన బెర్గ్‌మన్ మాటల్ని చర్చిలో ప్రార్థనలా చదివేస్తుంటే, పొయ్యి దగ్గరున్న ఆర్డిస్ ఉండబట్టలేక గరిటె పట్టుకునే వచ్చేసింది. "అలా కాదు నాయనా, బెర్గ్‌మన్ ఇలా అంటాడు," అని మొదలెట్టి పన్నులు, తుపాకులు, సరిహద్దు, పాల ధర, అన్నీ ఏకరువు పెట్టింది. పెట్టదా మరి! ఓటు వచ్చిన నాటి నుంచీ ఆవిడది ఆ పార్టీయే. కోడలు పోటీ చేస్తోందని పార్టీ మారే రకం కాదు. కోడలి సభలకి కూడా గడప దాటి వెళ్ళలేదు.

ప్రొఫెసర్ కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచీ ఆర్డిస్సే బెర్గ్‌మన్.

"ఇంకొక్కటి మిగిలింది," అంది ప్రచారం చూసే టెస్సా, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి. "ఇంట్లో రోగుల్నీ ముసలివాళ్ళనీ చూసుకున్న ఏళ్ళని పెన్షన్ లెక్కలో కలపాలన్న అంశం."

"అది వద్దులే. అది నాకు బాగానే వచ్చు," అంది గ్రెచెన్ గబగబా. రోజూ ఇదే మాట. ఆర్డిస్‌కి కొంచెం వింతగా తోచింది గానీ బ్రెడ్డు మాడిన వాసనకి అటు పరిగెత్తింది.

అప్పుడే తలుపు తట్టారు. చూస్తే మార్లిస్. ఒకప్పుడు ఆర్డిస్ నడిపిన స్కూలు బస్సులో వెనక సీటెక్కి అల్లరి చేసిన పిల్ల, ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. చేతుల్లో రేకు కప్పిన గాజు పళ్ళెం, లోపల నూడుల్సూ చీజూ కోడిమాంసమూ. మా ఊళ్ళో అలాంటి పళ్ళెం గుమ్మంలోకి వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం.

"ఎవరు పోయారే?" అంది ఆర్డిస్ గుండె పట్టుకుని.

"ఎవరూ పోలేదు ఆంటీ." మార్లిస్ కళ్ళు చెమర్చాయి. "నిన్న గ్రెచెన్ ఉపన్యాసం విన్నా. అంకుల్‌ని చూసుకుంటూ మీరు అన్నేళ్ళు ఏడ్చుకుంటూ బతికారటగా. బస్సు ఉద్యోగం పోయి, చివరికి ఖాళీ చేతులతో మిగిలారటగా. సభంతా ఏడ్చింది. మాకు ఒక్క మాటయినా చెప్పలేదేమిటి ఆంటీ?"

ఆర్డిస్ పళ్ళెం అందుకుంది. థాంక్స్ చెప్పింది. తలుపు వేసింది. పళ్ళెం బల్ల మీద పెట్టి కోడలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి ఒకప్పుడు నలభైమంది పిల్లల బస్సు నోరు మూసుకునేది. గ్రెచెన్ తల దించుకుంది.

సాయంత్రం సాధనకి ఆర్డిస్ కోటు వేసుకుని వచ్చింది. "ఇవాళ ఆ మిగిలిపోయిన అంశమే తీద్దాం," అంది. టెస్సా ముఖం పాలిపోయింది. కర్ట్ టైమరు తిప్పడం మర్చిపోయాడు.

"మా అమ్మమ్మ మా తాతయ్యని చూసుకుంది," అంది ఆర్డిస్ అచ్చం బెర్గ్‌మన్ గొంతుతో. "గవర్నమెంటుకి బిల్లు పంపలేదు. ప్రేమకి రసీదులుండవు మేడమ్. మీరేమంటారు?"

"అది... ప్రేమతో చేసినా పని పనే కదా లైల్ గారూ..."

"ఉదాహరణ చెప్పండి! మీ దగ్గర మంచి ఉదాహరణ ఉందటగా. ఊరూరా చెప్తున్నారటగా. ఆ ఉదాహరణని ఒకసారైనా అడిగారా?"

"అత్తయ్యా, నేను అబద్ధం చెప్పలేదు. మిమ్మల్ని గొప్పచేసే చెప్పాను."

"గొప్పా?" ఆర్డిస్ గొంతు ఇప్పుడు బెర్గ్‌మన్‌ది కాదు. "నేను ఏడవడం నువ్వెప్పుడు చూశావమ్మా? ఆదివారం ఆదివారం యాపిల్ పై చేసుకొచ్చి, మంచం పక్కన కూర్చుని, నువ్వే ఏడ్చి వెళ్ళేదానివి. మిగతా రోజులు మేం ఏం చేసేవాళ్ళమో నీకు తెలుసా? క్రిబేజ్ పేకాట ఆడుకునేవాళ్ళం! ఆయనకి పక్షవాతం, కుడిచెయ్యి రాదు, మెడ తిరగదు, నాలుగు మాటలు మాత్రం మిగిలాయి. అయినా పేక వదల్లేదు. ముక్కలు నిలబెట్టుకోవడానికి కర్ట్ చెక్కదిమ్మకి గాడి కోసిచ్చాడు. ఆయన వెనకే ఆ పెద్ద కిటికీ. చీకటిపడి దీపం వేస్తే ఆ అద్దంలో ఆయన ముక్కలన్నీ నాకు కనపడేవి. పాపం ఆయనకి తెలీదు. నేనే చూసి చూసి ఓడిపోయేదాన్ని. గెలిచినప్పుడు ఆ వంకర మూతితో ఒక నవ్వు నవ్వేవాడు చూడూ! ఆ నవ్వు కోసం ఎన్నిసార్లయినా ఓడిపోవచ్చు. అవి నా జీవితంలో చెడ్డరోజులని నీకెవరు చెప్పారు?"

టెస్సా ల్యాప్‌టాప్ మూసేసింది.

"నా మీద జాలిపడి ఓట్లు వేయించుకోకు. ఇవాళ పళ్ళెం వచ్చింది. రేపు పూలు కూడా తెస్తారు." ఆవిడ టై విప్పి ఇస్త్రీబల్ల మీద పెట్టింది. "ఇంకో బెర్గ్‌మన్‌ని వెతుక్కోండి."

మర్నాడు ఆర్డిస్ పెరట్లో రాలిన ఆకులు ఊడుస్తుంటే గ్రెచెన్ ఇంకో చీపురు తెచ్చుకుని పక్కన నిలబడింది. కాసేపు ఇద్దరూ ఒకరి కుప్ప ఒకరు చెడగొట్టుకుంటూ ఊడ్చారు.

"తప్పయిపోయింది అత్తయ్యా. ఆ కథ ఇక చెప్పను. డిబేట్‌లోనూ చెప్పను."

"టెస్సా ఒప్పుకుందా?"

"అది లేకపోతే మిగిలేవి ఉత్త అంకెలే, ఓడిపోతామంది. ఓడిపోతే ఓడిపోదాం. మిమ్మల్ని అడక్కుండా మీ ఏళ్ళు వాడుకున్నాను. సిగ్గుగా ఉంది."

ఆర్డిస్ ఊడుస్తూనే ఉంది. "ఆదివారం నేనూ వస్తాలే," అంది చివరికి. "నీకోసం కాదు. బెర్గ్‌మన్‌ని చూడ్డానికి."

ఆదివారం మధ్యాహ్నం జిమ్ కిక్కిరిసింది. బాస్కెట్‌బాల్ కోర్టు మీద కుర్చీలు వేశారు, గుమ్మంలో చర్చి ఆడవాళ్ళు యాపిల్ పైలు అమ్ముతున్నారు. గ్రెచెన్ బాగానే నెగ్గుకొచ్చింది. ఆరోగ్య బీమా దగ్గర బెర్గ్‌మన్ నిజంగానే చెట్టు సంగతి అడిగాడు, ఆమె నవ్వు ఆపుకుని తడుముకోకుండా జవాబిచ్చింది. పాల ధర దగ్గర ఇద్దరూ ఒకే మాట అని ఒకరినొకరు చూసుకుని ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత అంతా ఎదురుచూస్తున్న అంశం వచ్చింది.

బెర్గ్‌మన్ తన అమ్మమ్మని తెచ్చాడు. బిల్లు తెచ్చాడు. రసీదు తెచ్చాడు. చప్పట్లు మోగాయి.

గ్రెచెన్ మైకు దగ్గరికి వంగింది. ముందు వరసలో మార్లిస్ అప్పుడే రుమాలు తీసి పట్టుకుంది. మూడో వరసలో అత్తగారు చేతులు కట్టుకుని కూర్చుంది.

"దీనికి జవాబుగా నా దగ్గర ఒక కథ ఉండేది," అంది గ్రెచెన్. "మీలో కొందరు విన్నారు కూడా. అది నా కథ కాదు. చెప్పే హక్కు నాకు లేదు, పైగా తప్పుగా చెప్పాను. ఆ మనిషికి ఇక్కడే క్షమాపణ చెప్తున్నాను. మిగిలినవి అంకెలు." నాలుగు అంకెలు చెప్పి ఊరుకుంది. జిమ్‌లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టెస్సా రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

ఇక జనం ప్రశ్నలడగొచ్చన్నారు. మైకు దగ్గరికి మొదట నడిచింది ఎవరంటారు? ఆర్డిస్సే. పైగా ఆ గోధుమరంగు కోటుతో. జిమ్‌లో సగంమంది ఆవిడ బస్సెక్కి పెరిగినవాళ్ళు. అలవాటుగా వీపులు నిటారుగా పెట్టి కూర్చున్నారు.

"నా పేరు ఆర్డిస్ నోర్లుండ్. బెర్గ్‌మన్ గారూ, నేను మీ పార్టీ మనిషిని. ఆ రసీదు సంగతి నాకోసం ఇంకోసారి చెప్తారా?"

బెర్గ్‌మన్ సంతోషంగా మొదలెట్టాడు. "మా అమ్మమ్మ మా తాతయ్యని..."

"...చూసుకుంది," అంది ఆర్డిస్.

"గవర్నమెంటుకి..."

"...బిల్లు పంపలేదు. ఇక్కడ మీరు కళ్ళజోడు సవరించుకోవాలి," అంది ఆర్డిస్.

బెర్గ్‌మన్ చెయ్యి అప్పటికే కళ్ళజోడు మీద ఉంది. జిమ్ ఒక్కసారి ఘొల్లుమంది. బెర్గ్‌మనూ పడీ పడీ నవ్వాడు. పాపం మనిషి మంచివాడే. "అమ్మా, మీరే వచ్చి నా చోట నిలబడకూడదూ?" అన్నాడు.

"నిలబడే వచ్చానులెండి, నెలరోజుల నుంచీ." నవ్వులు ఆగేదాకా ఆగింది. "మీరన్నది నిజమే. మా ఆయన్ని ప్రేమతోనే చూసుకున్నా. ఏడవలేదు. మేం నవ్వుకున్నాం, పేకాడుకున్నాం. మార్లిస్, ఆ రుమాలు లోపల పెట్టు." మార్లిస్ పెట్టేసింది. "అయితే ఒకటి అడుగుతా. అంతకుముందు ఈ ఊరి బస్సు నడిపాను. అదీ ప్రేమతోనే నడిపాను. ఇక్కడున్న ప్రతి వెధవ పుట్టినరోజూ నాకు గుర్తు. పిల్లలంటే ఇష్టం కదా, జీతమెందుకూ అని నన్నెవరూ అనలేదు. ఆ ఏళ్ళన్నీ నా పెన్షన్‌లో ఉన్నాయి. ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టిన ఏళ్ళు మాత్రం లేవు. బస్సు కన్నా మా ఆయనే బరువండీ!"

నవ్వూ చప్పట్లూ కలిసిపోయాయి. ఆర్డిస్ చెయ్యెత్తింది, సద్దుమణిగింది.

"ఏడిస్తేనే పని అంటారా? నవ్వుతూ చేస్తే లెక్కలోకి రాదా? అంతే నా ప్రశ్న."

బెర్గ్‌మన్ కళ్ళజోడు తీసేశాడు. "ఆలోచించాల్సిన మాటేనమ్మా," అన్నాడు నిజాయితీగా. ఆ ముక్క మాత్రం ఆర్డిస్ కంఠతా పట్టినవాటిలో లేదు. వేదిక మీద గ్రెచెన్ కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసి అత్తగార్నే చూస్తూ ఉండిపోయింది. నాలుగు ఊళ్ళలో తను చెప్పి జనాన్ని ఏడిపించిన కథ, ఆ కథ మనిషి నోట ఇంత నవ్వుగా, ఇంత బలంగా ఉందా అనుకుంది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. మార్లిస్ తెచ్చిన పళ్ళెం కర్ట్ వేడిచేస్తున్నాడు.

"ఇంతకీ ఓటెవరికి అత్తయ్యా?" అంది గ్రెచెన్ కోటు విప్పుతూ.

"చెప్పను. ఓటు నాది." ఆర్డిస్ పేకముక్కలూ, పుల్లలు గుచ్చి పాయింట్లు లెక్కపెట్టే చెక్కపలకా బల్ల మీద పెట్టింది. "కూర్చో. ఆట నేర్పుతా. ఆయన చోట్లో కూర్చో."

గ్రెచెన్ కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. బయట చీకటి, లోపల దీపం. ఎడమచేతికి ఏదో తగిలితే చూసింది. కర్టెన్ తాడు. పట్టుకున్నచోట అరిగి నల్లబడి ఉంది.

"అత్తయ్యా, సాయంత్రం ఈ కర్టెన్ ఎవరు తీసేవాళ్ళు?"

"ఆయనే. ఆ తాడు కట్టించుకుందే అందుకు. పొలంలోకి జింకలొస్తాయి, చూడాలని గొడవ. నేను వేస్తే మళ్ళీ తీసేవాడు. 'జింకలు' అనేవాడు. మిగిలిన నాలుగు మాటల్లో అదొకటి."

"జింకలు వెనక కదా ఉండేది," అంది గ్రెచెన్ మెల్లగా. "మెడ తిరగని మనిషి వాటిని ఎలా చూస్తాడు అత్తయ్యా?"

ముక్కలు పంచుతున్న ఆర్డిస్ చెయ్యి ఆగిపోయింది. కిటికీ వైపు చూసింది. అద్దంలో కోడలి చేతిలోని ముక్కలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనపడుతున్నాయి.

"దొంగ సచ్చినోడు!" అంది. "నన్ను గెలిపిద్దామని... నేనేమో ఆయన్ని... అన్నేళ్ళూ!" ఆవిడకి నవ్వొచ్చింది. బల్ల మీద చెయ్యి వేసి కొడుతూ నవ్వింది, ముక్కలు చెదిరి కింద పడేలా నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు నిండి నీళ్ళు చెంపల మీదికి జారాయి. కర్ట్ పళ్ళెం అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. గ్రెచెన్ లేచి వెళ్ళి అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసింది.

"ఇదుగో, ఇప్పుడు ఏడ్చాను," అంది ఆర్డిస్, వెండెల్ కోటు చేతికి ముక్కు తుడుచుకుంటూ. "ఇది కావాలంటే ఊరంతా చెప్పుకో. పో, నీ చోట్లో కూర్చో."

గ్రెచెన్ వెళ్ళి కూర్చుని ముక్కలు ఏరుకుంది. కర్టెన్ మాత్రం వేయలేదు.