కవిగారి ఏకైక సంతానం

పొద్దున్నే దోసెలు పోస్తూ మేఘన పదేపదే గడియారం వైపు చూస్తోంది.

"టిఫిన్ నేను చూసుకుంటాలే, నువ్వెళ్లి చీర కట్టుకో," అన్నాడు భర్త స్టాన్లీ. ఊరి చివరి కాడుగోడి నుంచి నడిబొడ్డున ఉన్న చామరాజపేటకు ఆ ట్రాఫిక్‌లో చేరాలి. కవి లక్ష్మీనారాయణగా పేరుపడ్డ మేఘన నాన్న ఇంటిని ఇవాళ మ్యూజియంగా తెరుస్తున్నారు.

స్టాన్లీని చేసుకున్నందుకు నాన్న ఏళ్ల తరబడి ఆమెతో మాట్లాడలేదు. పక్షవాతంతో మంచం పట్టాక ఆయనే కబురు పెట్టాడు. ఆయన పోయేదాకా అన్నం కలిపి పెట్టిందీ, తడబడే మాటల్ని పట్టుకుని ఆఖరి కవితలు రాసిపెట్టిందీ మేఘనే.

ఇల్లు కొత్త సున్నంతో మెరుస్తోంది. హాల్లో బోర్డు చదువుతూ ఆమె ఆగిపోయింది. 'కవిగారి ఏకైక సంతానం గిరీష్. తండ్రి చెబుతుండగా ఆఖరి కవితలు రాసింది ఈయనే.'

పక్కనే ఫొటో. నాన్న భుజం మీద ఒక చెయ్యి మాత్రం ఉంది. అది తనదే. మనిషిని కత్తిరించేశారు.

"ఏమిట్రా ఇది?"

"అరవకక్కా, జనం వస్తున్నారు," అన్నాడు తమ్ముడు గిరీష్. "ఇదంతా డబ్బు పెట్టి చేయించింది శ్రీనివాసప్పగారి సంఘం. వేరే మతంలో పెళ్లి సంగతి గోడ మీద వద్దన్నారు."

"నువ్వు సరేనన్నావా?"

"నేనొక్కణ్ణేనా? అమ్మనడుగు."

వంటింట్లో ఉన్న మునిలక్ష్మి కూతురి కళ్లలోకి చూడలేకపోయింది. "ఒప్పుకుంటిని తల్లీ. కాదంటే ఇల్లు ఎవరూ కాపాడరని భయమాయె. పేరే కదా, మనిషి ఉండాది కదా అనుకుంటి."

"నాన్న కోపం వస్తే మొహం మీదే చెప్పాడమ్మా. నువ్వు నిన్న ఫోన్లో ఏ చీర కట్టుకుంటావని అడిగావు. అప్పటికే ఈ గోడ మీద నేను లేను!"

మేఘన గేటు దాకా వెళ్లిపోయింది. గేటు బయటే ఆగిన స్టాన్లీ కారు తలుపు తీశాడు. అప్పుడే లోపల మైకులో తల్లి గొంతు వినిపించింది.

"దీపం తర్వాత ముట్టిస్తానప్పా. ఆ గోడ మీదది అబద్ధం. మాకు పెద్దది కూతురు ఉండాది. మేఘన దాని పేరు. ఆయన ఆఖరి కవితలన్నీ రాసింది అదే. దాన్ని తీసేయడానికి ఒప్పుకున్న పాపం నాది."

"అమ్మా, ఇప్పుడెందుకు ఇవన్నీ?" అన్నాడు శ్రీనివాసప్ప.

"ఇంకెప్పుడు చెప్పేది? దీపం ముట్టించి ఆయన పటం ముందర ఏ మొహంతో నిలబడేది?"

గిరీష్ తలొంచుకుని వెళ్లి బోర్డు ఊడదీశాడు.

మునిలక్ష్మి చెప్పులు కూడా లేకుండా గేటు దాకా వచ్చింది. "క్షమించమని అడగను. లోపలికి రాకుండా మాత్రం పోవద్దు."

"నాకింకా కోపంగానే ఉందమ్మా," అంది మేఘన ఏడుస్తూ.

"ఉండనీ తల్లీ. కోపంతోనే రా."

తల్లి చేతిని మేఘన విడిపించుకోలేదు. నాన్న మంచంలో ఉన్నన్నాళ్లూ స్టాన్లీ ఆమెను ఈ గేటు దగ్గర దింపి వెళ్లేవాడే తప్ప గడప దాటలేదు. మునిలక్ష్మి అతని వైపు తిరిగింది.

"నువ్వూ రాప్పా. అల్లుడు వీధిలో నిలబడితే ఎట్ల?"