ఇద్దరూ వస్తేనే

"ఒక్కరొస్తే ఇయ్యొద్దు సార్. ఇద్దరమొచ్చి సంతకం పెడితెనే పైసలియ్యాలె."

హేమ్లి మాటకు దేవ్‌సింగ్ నిద్రమత్తు ఒక్క దెబ్బకు వదిలింది. నాగపూర్ నుంచి రాత్రంతా లారీ తోలుకొచ్చి, మొహం కడుక్కుని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని నేరుగా బాన్సువాడ బ్యాంకుకు వచ్చాడు. ముసురుకు వర్నిలో వరికోతలు ఆగబట్టి ఆమెకూ తీరిక చిక్కింది. కొత్త సంసారానికి జాయింట్ అకౌంట్ ఉండాలన్నది అతని ముచ్చటే.

గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. "ఎవరొచ్చినా ఇవ్వమని మీ ఆయన అన్నాడమ్మా. నువ్వేమో ఇద్దరూ రావాలంటున్నావు. ముందు మీరు తేల్చుకుని రండి."

ఇద్దరూ వెళ్లి గోడ పక్క బెంచీ మీద కూలబడ్డారు.

"నేనేమన్న తాగుబోతునా? పత్తాలాడ్తనా? గా సార్ ముంగట నా ఇజ్జత్ తీస్తివి."

"నేనేమన్న?"

"మొగని మీద నమ్మకం లేదని డప్పు కొడ్తివి. ఇంకేమనాలె?"

హేమ్లి జవాబు చెప్పబోయి ఆవలించింది. అది అతనికీ అంటుకుంది. నోరంతా తెరిచి ఆవలించాక కోపం నిలబెట్టుకోవడం ఎవరి తరం?

"నవ్వకు," అన్నాడు.

"నవ్వలే. నిద్రొస్తుంది."

పక్కనున్న ముసలాయన చెవి ఇటే వేశాడని గమనించి, ఆమె తమ తండా లంబాడీ భాషలోకి దిగింది. "లగ్గమైనకాంచి నువ్వు ఇంట్ల ఉన్నదెప్పుడు? వస్తవ్, తింటవ్, పంటవ్. నేను లేచేసరికి పోతవ్. ఇద్దరి సంతకాలంటే పైసల కోసమన్న నాతోని గీడిదాంక నడుస్తవని అట్లన్న."

దేవ్‌సింగ్ ఆమె వైపు తిరిగాడు. మెల్లగా అడిగాడు. "నేను నాగపూర్ల ఉన్నప్పుడు నీకు జరమొస్తే? దవాఖానకు పైసలెట్ల తీస్తవ్?"

"తియ్య. నువ్వొచ్చేదాంక అట్లనే పండుకుంట."

మొండిగానే అంది. కళ్లు మాత్రం నిండాయి.

"హేమ్లీ, ఒక ముచ్చట చెప్త, బుగులు పడకు. దినాం నీ మొకం యాది చేస్కుంట మేలుకుంటుంటి. రాత్రి గా యాది గూడ అక్కరకు రాలే. కన్ను మూతబడ్డది. లారీ రోడ్డు దిగింది."

ఆమె చప్పున అతని చెయ్యి పట్టుకుంది. కొడవలి పట్టి గరుకెక్కిన ఆ వేళ్లు గట్టిగా బిగుసుకున్నాయి.

"ఏం కాలే, పొలంల ఆగింది. బోధన్‌కు చెరుకు తోలనీకె మా లారీ సేటు డ్రైవర్ను ఎతుకుతుండు. పొద్దుగాల పోతే మాపటికి ఇల్లు చేరొచ్చు. జీతం తక్కువని నేనే వద్దన్న."

"తక్కువైతే గీ అకౌంట్ల ఏమేస్తం?"

"ఏసినంత ఏస్తం. ఇగ నాతోని గా రోడ్డు కాదు."

హేమ్లి కొంగుతో మొహం తుడుచుకుని కౌంటర్ దగ్గరికి నడిచింది.

"సార్, ఎవరొచ్చినా ఇయ్యుండ్రి."

"ఖాయమేనా? మళ్లీ మారుస్తావా?"

"ఖాయమే. మా ఆయన ఇగ దినాం ఇంటికొస్తడు!"

బ్యాంకంతా తిరిగి చూసింది. దేవ్‌సింగ్ సిగ్గుతో తల వంచుకుని వచ్చి, ఆమె పేరు పక్కన సంతకం చేశాడు.

పాస్‌బుక్ కోసం మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు. గుమాస్తా పిలిచేసరికి దేవ్‌సింగ్ తల ఆమె భుజం మీదికి వాలిపోయింది. చుట్టూ జనం. హేమ్లి చెంపలు కందాయి గానీ, భుజం కదల్చలేదు.

"జర ఆగుండ్రి సార్," అంది గొంతు తగ్గించి. "పండుకున్నడు."