బొరుసు లేని నాణెం

"దొర మధ్యాహ్నం పన్నెండింటికే జారుకుంటున్నాడు," అన్నాడు చీఫ్.

గోడ గడియారంలో పదకొండుంపావు. ఎదుట కూర్చున్న ఏజెంట్ కోడ్ నేమ్ షరాబు. ఇరవై ఏళ్ళు పాత నాణేల దుకాణం నడిపి ఈ శాఖలోకి వచ్చాడు.

"శత్రు గూఢచారే అయినా ఎగ్జిబిషన్ హాల్లో నాణేల వ్యాపారి వేషం. డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్, మనం చెయ్యి వెయ్యలేం. పళ్ళెంలో మూడు నాణేలు. ఒకదాంట్లో మైక్రోచిప్. చిప్‌లో మన పదకొండుమంది ఏజెంట్ల పేర్లు. అది అందుకోవాల్సినవాడు పొద్దున్నే మనకు చిక్కాడు. కోడ్ కక్కాడు. ఏ నాణెమో వాడికే తెలీదట, ఫోన్‌లో చెబుతామన్నారట."

"తప్పుది అడిగితే?"

"పెట్టె మూసి ఎయిర్‌పోర్ట్‌కి పోతాడు. పదకొండుమందీ పోతారు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఏడో పేరు మీ చెల్లెలిదయ్యా."

షరాబు లేచాడు. శాఖ ఇచ్చిన ఎక్స్‌రే పెన్ను మెట్లు దిగేలోపే చచ్చింది. సర్కారు సరుకు! జేబులో తన పాత భూతద్దం ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

హాలు గుమ్మంలో ఏజెంట్ నెమలి ఎదురైంది. పట్టు స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, రెండు దేశాల జీతం.

"అంచు కొరికినట్టున్నదే, డియర్. వాళ్ళే నాతో అన్నారు."

"నీ మాట తూకం వేశాకే తీసుకుంటా."

లోపల టేబుల్ వెనక దొర పెట్టుడు మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది.

"పొరపాట్లు అమ్ముతారా?" అడిగాడు షరాబు.

"మనుషులవి కాదు, టంకశాలవి." కోడ్ కుదిరింది. "ముట్టుకోకుండా చూడు. అడిగేది ఒక్కసారే."

టైం 11:52.

మొదటిదాని అంచు నెలవంకలా తెగింది. తర్వాత ఎవరో కత్తిరించి ఉంటే దానికి ఎదురువైపు అంచు గట్టు నిండుగా ఉండాలి. ఇక్కడ చప్పిడిగా ఉంది. అంటే ముద్ర పడకముందే బిళ్ళ కురచ. అసలు సిసలు టంకశాల పొరపాటు, లోపలంతా లోహమే. నెమలిని ఆవలివాళ్ళు కూడా నమ్మలేదన్నమాట.

రెండోదాని మీద ముద్రపై ముద్ర. కానీ పై అక్షరాలు తిరగబడి, లోతుగా నొక్కుకుపోయి ఉన్నాయి. రెండు నాణేలు కలిపి బెంచీకి బిగించే ఇనప పట్టు వైస్‌లో బిగించిన మొరటు పని. అది పొరపాటు కాదు, తర్వాత తగిలిన దెబ్బ. అయినా గట్టి బిళ్ళే.

మూడోదానికి రెండు పక్కలా బొమ్మే. షరాబుకి నవ్వొచ్చింది. ఆ టంకశాలలో బొమ్మ అచ్చు బొరుసు అచ్చు చోట పట్టనే పట్టదు. యంత్రానికి మతి పోయినా ఇంత సిగ్గులేని తప్పు చెయ్యదు. గట్టు లోపలివార సన్నని అతుకు గీత! ఒక నాణేన్ని తొలిచి, ఇంకోదాన్ని అరగదీసి మూతలా దించేశారు. కోట్లు తగలేసే ముఠా, జూదగాళ్ళు జేబులో వేసుకు తిరిగే చవక సరుకులో రహస్యం దాచింది.

11:59. దొర పెట్టె మూత అందుకున్నాడు.

"బొరుసు లేనిది."

చెయ్యి ఆగింది. నాణెం ఇటు జరిగింది.

"కొసరు?" అన్నాడు షరాబు.

"ఏంటీ?"

"కొసరడగని బేరగాణ్ణి ఎక్కడన్నా చూశావా? పక్క టేబుల్‌వాడు మననే చూస్తున్నాడు. ఆ కొరుకుడు బిళ్ళ పడెయ్."

దొర విసుగ్గా విసిరేసి, మీసం అదుముకుంటూ పరుగెత్తాడు.

"నన్ను నమ్మలేదుగా?" అని మూతి ముడిచింది నెమలి.

"నీకు జీతాలిచ్చేవాళ్ళే నమ్మట్లేదమ్మా. ముందు ఆ సంగతి చూసుకో."

ఆఫీసులో చీఫ్ అతుకు ఊడదీసి చిప్ బయటికి లాగాడు. "పదకొండుమందీ బతికారు. మరి ఆ కొరుకుడు నాణెం? రూల్ ప్రకారం ప్రభుత్వానికి..."

"సరుకు ప్రభుత్వానిది. కొసరు బేరమాడినవాడిది," అన్నాడు షరాబు. "నాణేలు సేకరించేవాళ్ళు ఎగబడేది నిజమైన టంకశాల పొరపాటుకే. ఆ పళ్ళెంలో విలువైనది అదొక్కటే. దొర తిరిగొచ్చి అడిగితే రసీదు రాయించుకుని ఇచ్చేస్తా."